పోయినవాడికి శుభప్రయాణం

బావ పోయి ఏడాది దాటింది. ఆయన ఫోన్ మాత్రం రోజూ పొద్దున్నే మోగుతూనే ఉంది.

"శుభోదయం! ఈరోజు మీ దారి క్లియర్. శుభప్రయాణం!"

అక్క ఆ ఫోన్‌ను చార్జింగ్‌లో పెట్టడం ఒక్కరోజు కూడా మానలేదు. అది మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి వచ్చి, తెర మీద ఆయన పేరు చూసుకుని వెళ్లేది. ఆ రోజు పొద్దున దాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది.

"పిన్ లూజైందిరా. చేత్తో నొక్కిపెడితే తప్ప చార్జ్ ఎక్కట్లేదు. సాయంత్రానికి బాగుచేయించి తెచ్చెయ్. రేపు పొద్దున్నే మళ్లీ మోగాలి కదా."

"సరే అక్కా."

"దారి చూసుకునే బయల్దేరార్రా మీ బావ. నా కళ్లముందే ఈ ఫోన్‌లో చూశారు. తాగి తోలి వాగులో పడ్డాడని రాసేశారు వాళ్లు."

ఎప్పుడూ చెప్పే మాటే. ఎంక్వైరీ ఆఫీసర్ల మాటా ఎప్పుడూ ఒకటే. వంతెన మూసేసినట్టు ఆ రోజు అందరి ఫోన్లలోనూ ఉంది. చూసుకోకుండా వెళ్లింది ఆయనొక్కడేనట. తమ్ముడు ఫోన్‌ను కోటు జేబులో వేసుకున్నాడు. బావ మఫ్లర్ మెడకు చుట్టుకుని వీధిలోకి నడిచాడు. సీక్రెట్ సర్వీస్‌లో అతన్ని అందరూ పిలిచేది కూడా మఫ్లర్ అనే. అది ఎవరిదో అతను ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసులో చీఫ్ కిటికీ పరదాలు మూసి కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆయన పెద్దాయన.

"ప్రయాణికులకు దారుల సమాచారం ఫోన్‌లో అందించాలట. వెబ్‌సైట్ పెట్టాలా, యాప్ పెట్టాలా? ఇవాళ కొండ మీద గెస్ట్‌హౌస్ మీటింగ్‌లో ట్రాన్స్‌పోర్ట్ సెక్రటరీ గారు తేల్చేస్తారు."

"దీనికి గూఢచారి ఎందుకు సార్? కంప్యూటర్ తెలిసినవాడు చాలడా?"

"యాప్ పేరు 'తోడు'. రెండేళ్లుగా ట్రయల్‌లో ఉంది. చేసింది విదేశీ కంపెనీ. ఉచితంగా ఇస్తామంటున్నారు. ఊరికే ఇచ్చేవాణ్ణి చూస్తే నాకు భయం. వెబ్‌సైట్ ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది, నువ్వెవరని అడగదు. ఈ తోడుకి మాత్రం పేరు కావాలి, బండి నంబరు కావాలి, ఇల్లెక్కడో కావాలి. పిల్లనిచ్చేవాళ్లు కూడా అన్ని వివరాలడగరు."

"సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది కదా సార్. ఘాట్‌రోడ్డులో వెబ్‌సైట్ పనికిరాదు."

"అదే వాళ్ల బ్రహ్మాస్త్రం. అయినా సెక్రటరీ గారు వెబ్‌సైట్‌కే మొగ్గుతున్నారు. ఆవిడ లేకపోతే సంతకం పెట్టేది డిప్యూటీ. అతను కంపెనీ మనిషి." పెద్దాయన గొంతు తగ్గించాడు. "వాళ్ల వెనకున్న ముఠా ఇవాళ ఏదో చేస్తుందని కబురు. రోడ్ల కంట్రోల్ రూమ్‌లో కూర్చో. ఆవిడ కారులో నెమలి ఉంటుంది."

నెమలి అన్నది కోడ్ పేరు. మీటింగ్‌లో యాప్ చూపించబోయే కంపెనీ సేల్స్ హెడ్. నీలం రెయిన్‌కోటు, నల్లద్దాలు, ఆమె వెళ్లిపోయాక కూడా గదిలో మిగిలిపోయే సెంటు వాసన. కంపెనీ గుట్టు సర్వీస్‌కి చేరవేసేదీ ఆమే.

"నెమలి మన మనిషేనా సార్?"

"మన మనిషే. అంటే, మన దగ్గర కూడా జీతం తీసుకుంటుంది. కోడ్ గుర్తుందిగా?"

"'గొడుగు తెచ్చారా' అంటే, ఉన్నచోటే ఆగిపో. 'తడవడం అలవాటే' అంటే, ఆగాను."

కంట్రోల్ రూమ్ బస్‌స్టేషన్ పై అంతస్తులో ఉంది. గోడ నిండా కెమెరా తెరలు, వాటి ముందు హెడ్‌సెట్ పెట్టుకున్న ఆపరేటరమ్మ. మఫ్లర్ ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లాడు. స్క్రూడ్రైవర్ పిడిలో రహస్య మైక్ ఉంది. ఆమె నిజంగానే ఏసీ బాగుచేయమని కూర్చుంటే, స్టూలెక్కి ఆ మైక్‌తోనే మరలు విప్పాడు. అది చెడిపోయింది, ఏసీ బాగుపడలేదు.

బయట ఎడతెరిపి లేని వాన. పొద్దున్నే వాగు పొంగి, కొండదారిలో వంతెన కొట్టుకుపోయింది. బావను మింగిన వాగే. పోయినేడు కొట్టుకుపోయిన వంతెన చోట కట్టిన కొత్త వంతెన ఇది.

సరిగ్గా అప్పుడు అతని కోటు జేబులో బావ ఫోన్ మోగింది. ఎప్పుడూ పొద్దున్నే ఒక్కసారి తప్ప మోగని ఫోన్. గదిలో ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అనిపించి మఫ్లర్ వెనక్కి తిరిగి చూశాడు.

"హెచ్చరిక! కింది దారిలో కొండచరియలు పడ్డాయి. వాగు వంతెన తెరిచే ఉంది. శుభప్రయాణం!"

స్టూలు మీంచి ఒక్క దూకు దూకి ఆపరేటరమ్మకు సర్వీస్ కార్డు చూపించాడు.

"అమ్మా, మీ ఫోన్‌లోనూ 'తోడు' ఉందా? వంతెన గురించి ఏం చెప్తోంది?"

ఆమె తన ఫోన్ చూపించింది. వంతెన కొట్టుకుపోయింది, కింది దారిన వెళ్లండి.

రెండు ఫోన్లూ పక్కపక్కనే బల్ల మీద పెట్టాడు. ఒకే యాప్, ఒకే నిమిషం, రెండు నాలుకలు. యాప్‌కు నువ్వెవరో తెలుసు కాబట్టి నీకొక్కడికే అబద్ధం చెప్పగలదు. ఊరందరికీ నిజం చెప్పి, చంపాల్సినవాళ్ల గుంపుకు మాత్రం వేరే దారి చూపిస్తుంది. పోయినేడు ఆ గుంపులో బావ ఉన్నాడు. రోడ్ల ఇంజనీరుగా ఈ యాప్ వద్దని అందరికంటే ముందు రాసినవాడు ఆయనే. ముఠా ఆయన్ని చంపింది గానీ, గుంపులోంచి తీసెయ్యడం మర్చిపోయింది.

"దారి చూసుకునే బయల్దేరారు," అన్నాడు మఫ్లర్ పైకే.

ఇవాళ ఆ గుంపులో కొత్తగా చేరింది ఎవరో వేరే చెప్పాలా?

సెక్రటరీకి ఫోన్ కొట్టాడు. అందుబాటులో లేదు. డ్రైవర్‌కి కొట్టాడు. లేదు. కారు ఘాట్‌రోడ్డెక్కేసింది. సిగ్నల్ లేని చోట తోడు ఒక్కటే తోడు.

"వంతెన ముందు మన లైట్ల బోర్డు ఉంది సార్," అంది ఆపరేటరమ్మ. "ఇక్కణ్ణుంచే రాయొచ్చు. కానీ దాని మొహం ఎవడూ చూడడు. చినుకు పడితే చాలు, ప్రమాదం ప్రమాదం అని మొత్తుకుంటుంది. నాన్నా పులి అయిపోయింది దాని బతుకు."

"ఎంత పడుతుంది అందులో?"

"ఒక్క ముక్క."

ప్రమాదం అని రాస్తే డ్రైవర్ చూడడు. కారులో ఒక్కరు మాత్రం ఒక్క మాట చూస్తే ఆగాలి. ఆగితే ఆమె రెండేళ్ల వేషం పోతుంది, ముఠా వదలదు. ఆమె నిజంగా ఎవరి మనిషో ఇంతవరకూ పెద్దాయనకే తెలియదు.

"రాయమ్మా. గొడుగు తెచ్చారా."

"ఏంటీ?"

"రాయి!"

పాత యంత్రం. అక్షరాలు ఒక్కొక్కటే బద్ధకంగా వెలిగాయి. బోర్డు స్తంభం మీది కెమెరాలో అంతా పొగమంచు. అందులోంచి రెండు లైట్లు వచ్చాయి. చివరి అక్షరం వెలిగింది.

కారు వేగం తగ్గలేదు. బోర్డు కింది నుంచి సాగిపోయి మంచులో కలిసిపోయింది.

ఆపరేటరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. మఫ్లర్ బావ ఫోన్‌ను గట్టిగా పట్టుకున్నాడు. అక్కకు ఏం చెప్పాలి? మళ్లీ అదే వాగు అని చెప్పాలా?

తెర అంచున, మంచులో ఎర్రగా ఏదో మెరిసింది. బ్రేక్ లైట్లు. అవి కదల్లేదు.

కాసేపటికి నీలం రెయిన్‌కోటు ఒకటి నడుచుకుంటూ వచ్చి బోర్డు కింద నిలబడింది. తలెత్తి కెమెరాలోకి చూసి పెదవులు కదిపింది. మాట వినిపించకపోయినా మఫ్లర్‌కు తెలిసింది.

తడవడం అలవాటే.

మధ్యాహ్నానికి కంపెనీ ఆఫీసుకు తాళం పడింది, డిప్యూటీ చేతులకు బేడీలు పడ్డాయి. వంతెనకు అడ్డంగా పెట్టిన డ్రమ్ములను దొర్లించేసిన ఇద్దరూ కొండ దిగుతూ దొరికిపోయారు. నెమలి నేరుగా కంట్రోల్ రూమ్‌కు వచ్చింది. బోర్డు చూసి హ్యాండ్‌బ్రేక్ లాగింది ఆమే.

"ముందు చక్రాలు అంచు మీద ఆగాయి," అంది. మఫ్లర్ బావ ఫోన్ చూపించి జరిగింది చెప్పాడు. ఆమె నల్లద్దాలు తీసేసింది.

"ఇందులో 'తోడు' ఎక్కించింది నేనే. కంపెనీలో చేరిన కొత్తలో, డెమో ఇచ్చి రమ్మన్నారు. ఆయన 'థాంక్స్ అమ్మా' అన్నారు. నాకేం తెలీదు."

"తెలిసే చేసినదానివైతే ఇవాళ బ్రేక్ లాగేదానివి కాదు."

"ఆ థాంక్సే... ఇక నిద్రపోనివ్వదు నన్ను."

దానికి అతని దగ్గర కోడ్ లేదు. స్టూలు జరిపి ఆమెను కూర్చోమన్నాడు.

సాయంత్రం పిన్ బాగుచేయించిన ఫోన్ అక్కకిచ్చి, అంతా చెప్పాడు.

"సర్వర్లు ఆపేస్తున్నారక్కా. రేపట్నుంచి ఇది మోగదు."

అక్క ఫోన్ అందుకుని తెర మీద ఆయన పేరు చూసుకుంది. "మీ బావ దారి తప్పలేదుగా?"

"లేదక్కా. ఆయన ఫోన్ వల్లే ఇవాళ ముగ్గురు ఇంటికెళ్లారు."

ఏడాదిలో మొదటిసారి అక్క పైకి ఏడ్చింది. తర్వాత ఫోన్‌ను కొంగుతో తుడిచి, తనే స్విచాఫ్ చేసింది.

"ఇక ఆయన్ని పడుకోనీ రా పాపం," అంది.

కొత్త వెబ్‌సైట్ మొదలైన పొద్దున పెద్దాయన ఫోన్ చేశాడు. "ఎలా ఉందోయ్?"

"తెరుచుకునేలోపు టీ తాగేశాను సార్," అన్నాడు మఫ్లర్. "కానీ మీకేం చెప్తోందో నాకూ అదే చెప్తోంది. మన సర్వీస్‌లో ఎప్పుడైనా అలా జరిగిందా?"