ఇంకో ముగ్గురు వస్తే...

"నాకొద్దు! ఆయన్ని వద్దు వద్దని ఇంట్లో కూర్చోబెట్టి చంపుకున్నదాన్ని... ఇప్పుడు నేను మాత్రం చెయ్యి చాపి టీకా వేయించుకుని నూరేళ్ళు బతకనా? నన్నొదిలెయ్యండిరా!"

అత్తగారు టీ కప్పు ఠక్కున బల్లమీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది. ఎదురుగా కొడుకు ఫోను పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు. ఆ ఫోనులో వచ్చిన రెండు లైన్ల కబురు కోసం ఆవిడ తప్ప ఇంటిల్లిపాదీ రెండు నెలలు ఎదురుచూశారు. మూడుసార్లు పేరు నమోదు చేస్తే మూడుసార్లూ మధ్యలో ఆగిపోయింది. ఒకసారి వేరే పేటలో తేదీ ఇచ్చారని కొడుకు పరిగెత్తుకెళ్తే 'స్టాకు లేదు' అన్న అట్టముక్క తలుపుకి వేలాడుతూ స్వాగతం చెప్పింది. ఇన్ని తిప్పలు పడ్డాక గురువారం రమ్మని కబురొస్తే ఆవిడ చావనైనా చస్తాను గానీ రానంటోంది!

"అమ్మా, నీకు ఆయాసం ఉంది. నాన్నకొచ్చిన ఆ జబ్బే వస్తే నువ్వు తట్టుకోలేవు. డాక్టరు మరీ మరీ చెప్పాడు..."

"తట్టుకోకపోతే పోతాను. ఆయన దగ్గరికే కదా పోయేది! నా నోటి మాట విని పోయిన మనిషికి నేనేం మొహం పెట్టుకుని..." మాట పూర్తి కాలేదు. ఆయాసం పొంగుకొచ్చింది.

వంటగది గుమ్మంలో నిలబడి కోడలు అంతా వింటోంది. అత్తగారన్న మాట నిజం కాదని ఆ ఇంట్లో ఒక్కమనిషికే తెలుసు. ఆ ఒక్కమనిషీ ఆరు నెలలుగా నోరు విప్పలేదు. ఆ మనిషి తనే!

ఆమె పేటలోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. టీకాలు మొదలైన రోజునుంచీ సూది పట్టుకున్నది ఆమే. మామగారు ఆమెకి 'సూదుల కోడలు' అని పేరు పెట్టి, మేడమెట్ల కింద తన వాచీల కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ పరిచయం చేసేవారు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరలు ఊపిరి బిగబట్టి బిగించే మనిషికి సూదంటే మాత్రం హడల్! ఆ సంగతి ఒప్పుకుంటే పరువుపోతుందని భార్య మీదికి తోసేసేవారు. "నాకేం భయం? రెండు చేతులకీ వేయించుకుంటాను. మీ అత్తయ్యే బెంగపెట్టుకుంటుందని ఆగాను!" అనేవారు.

అత్తగారి బెంగ ఉత్తుత్తిది కాదు మరి. టీకా వేయించుకున్న ఎవరికో చెయ్యి పడిపోయిందని వాళ్ళ చెల్లెలు ఫోనులో చెప్పింది. ఆ 'ఎవరో' ఎవరో చెల్లెలికీ తెలియదు, అక్కకీ తెలియదు. అయినా ఆ పడిపోయిన చెయ్యిని ఆవిడ కళ్ళారా చూసినట్టే చెప్పేది. పొద్దున్నే మెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు చేరేవారు. ఆ నలుగురూ మరో నలభై ఇళ్ళకి మోసేవారు. ఇంట్లో నర్సుని పెట్టుకుని ఈవిడే ఇలా మాట్లాడితే ఇంకెవరొస్తారండీ కేంద్రానికి? కోడలు రోజంతా ఖాళీ కుర్చీలకేసి చూస్తూ కూర్చునేది. వచ్చినవాళ్ళున్న రోజున మందుండేది కాదు. మందున్న రోజున మనుషులుండేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఒక బుధవారం, పదకొండు గంటలకి, మామగారు కేంద్రంలో ప్రత్యక్షమయ్యారు! కొట్టు తలుపు సగం దించి వచ్చారట. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, ఎడమ చెయ్యి అప్పుడే భుజం దాకా మడతపెట్టి ఉంది. మొహం మాత్రం పాలిపోయింది.

"మీ అత్తయ్యకి చెప్పకు. వేయించుకున్నాక నేనే చెబుతాను. అప్పుడిక తిట్టడం తప్ప ఏం చేస్తుంది?" అన్నారు గొంతు తగ్గించి.

కోడలు సంబరపడిపోయింది. గబగబా లెక్క చూసుకుంది. ఆయనతో కలిపి ఏడుగురు. ఒక్క సీసాలో మందు పదిమందికి. మూత తీస్తే నాలుగు గంటల్లో పదిమందికీ వేసెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. కిందటి వారమే నాలుగు డోసులు పారబోసిందని పై అధికారి అందరి ముందూ నిలబెట్టి కేకలేశాడు, సంజాయిషీ రాయించుకున్నాడు. పదిమంది చేరితే తప్ప సీసా తెరవొద్దని ఆజ్ఞ! ఊళ్ళో జనం మందు దొరక్క ఏడుస్తుంటే నువ్వు నేలపాలు చేస్తావా అని అతను అడిగిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"కాసేపు కూర్చోండి మావయ్యా. ఇంకో ముగ్గురు వస్తే తెరుస్తాను."

ఆయన కూర్చున్నారు. పన్నెండయింది. ఎవరూ రాలేదు. ఒంటిగంటయింది. ఎవరూ రాలేదు...

"పోనీ, మా ఏడుగురికీ తెరవకూడదుటే?" అని మెల్లిగా అడిగారు.

ఆమె చెయ్యి పెట్టె దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది! ఎందుకాగిందీ? అధికారి భయం సగం. మిగతా సగం... 'సొంత మామగారొచ్చాడని సీసా తెరిచింది' అన్న మాట పడకూడదన్న పట్టుదల. మూడురోజుల కిందట మూలవీధి ముసలాయన్నీ, అంతకుముందు కవలపిల్లల తల్లినీ ఇలాగే తిప్పిపంపింది కదా! నా వాళ్ళకొక న్యాయం, పరాయివాళ్ళకొక న్యాయమా అనుకుంది. ఎంత గొప్ప న్యాయం! ఎంత నిక్కచ్చి మనిషి!

"రేపు రండి మావయ్యా... రేపు తప్పకుండా పదిమందీ అవుతారు."

ఆయన లేచి, మడతపెట్టిన చొక్కా చెయ్యి దించుకుని, గుండీ పెట్టుకున్నారు. "ఫర్వాలేదులే తల్లీ. నా మూలాన నీకు మాట రాకూడదు" అని నవ్వారు. మళ్ళీ ధైర్యం కూడగట్టుకోవాలి కాబోలు, మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశారు.

మర్నాడు స్టాకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నెల రోజులు రాలేదు. ఇరవయ్యేడో రోజున ఆయనకి జ్వరమొచ్చింది... ముప్పైమూడో రోజుకి ఆయన లేరు.

ఇంకో రెండు వారాలకి పై నుంచి కొత్త ఆజ్ఞ వచ్చింది. ఒక్కరొచ్చినా సీసా తెరవొచ్చునట! వృథా అయినా ఫర్వాలేదట! ఆ కాగితం చదివి కేంద్రంలో స్టోరుగది తలుపేసుకుని ఆమె ఏడ్చిన ఏడుపు ఎవరికీ వినిపించలేదు. ఇంటికొస్తే ఇక్కడ అత్తగారు 'నా నోరే ఆయన్ని మింగేసింది' అని తల బాదుకుంటూ కనిపించేది. చెప్పేద్దాం, ఈవేళ చెప్పేద్దాం అనుకుంటూనే టీ కలిపి ఇచ్చేది. 'ఊరుకోండత్తయ్యా' అని కళ్ళు తుడిచేది. ఊరుకున్నది మాత్రం తనే. చెబితే ఈ ఇంట్లో తన మొహం ఎవరు చూస్తారు?

కానీ ఇప్పుడు అత్తగారు ఆ నింద నెత్తినేసుకుని ప్రాణమే వదులుకుంటానంటోంది! ఇంకా నోరు మూసుకుంటే ఒకటి కాదు, రెండు ప్రాణాలు.

"అత్తయ్యా... మావయ్య వచ్చారు."

"ఎక్కడికి?"

"కేంద్రానికి... టీకా వేయించుకోవడానికి. మీ మాట విని ఇంట్లో కూర్చోలేదు. వచ్చారు. నేనే... నేనే వెయ్యకుండా పంపేశాను!"

గడ్డకట్టిన మొహాలతో తల్లీకొడుకులు వింటుంటే, ఆమె గుమ్మాన్ని పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. అధికారి తిట్టిందీ, తను లెక్కపెట్టిందీ, ఆయన గుండీ పెట్టుకున్నదీ... ఒక్క ముక్క దాచలేదు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నోట్లోంచి మాట ఊడిపడటమే గగనం. అలాంటి మనిషి ముందుకొచ్చి నిలదీశాడు.

"ఆరు నెలలు! మా అమ్మ రోజూ తన్ను తాను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావా నువ్వు?"

"విన్నానండీ."

"ఒక్కనాడైనా..."

"చెప్పలేకపోయానండీ. భయమేసింది."

అతను చెప్పులేసుకుని విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొట్టినా బాగుండేదనుకుంది ఆమె.

అత్తగారు మాత్రం కదల్లేదు. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. నేలకేసి చూస్తూ అడిగింది:

"నీలం చొక్కాయా?"

"అవునత్తయ్యా."

"నేనే ఇస్త్రీ చేసిచ్చాను. 'పెళ్ళికొడుకులా ఎక్కడికి?' అన్నాను. ఎవరో పెద్దమనిషి ఇంట్లో గోడగడియారం ఆగిపోయింది, చూసొస్తానన్నారు." ఆవిడ తలెత్తింది. "ఎంతమంది తక్కువయ్యారన్నావు?"

"ముగ్గురు."

అత్తగారి పెదవులు కదిలాయి. వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. "కింద వాటా దర్జీ ఆవిడ... పాలబూతు ఆవిడ... పై వాటా టీచరమ్మ..."

"ఏమిటత్తయ్యా అది?"

"ఆవేళ ఆ ముగ్గురూ తయారై మెట్ల దగ్గర నిలబడ్డారే! మీ కేంద్రానికే బయల్దేరారు. దర్జీ ఆవిడ మిషను కూడా మూసేసి వచ్చింది. నేనే ఆపాను. 'చెయ్యి పడిపోతే రేపు జాకెట్లు నీ మొగుడు కుడతాడటే?' అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నవ్వి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు." ఆవిడ మెట్ల వైపు చూసింది. "మేం నవ్వుతూంటేనే మీ మావయ్య మా పక్కనుంచి దిగి వెళ్ళారు... ఆ నీలం చొక్కాలో!"

కోడలు నిలువునా కుంగిపోయింది. అత్తగారి గుండెమీది బరువు దించుదామని ఆరు నెలల తర్వాత నోరు విప్పితే, దించింది లేదు సరికదా, ఇంతకింత చేసి మళ్ళీ అక్కడే పెట్టింది! పరిగెత్తుకెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

"కాదత్తయ్యా! సీసా నా చేతిలో ఉంది. నేను తెరవాల్సింది!"

"మనుషులు నా చేతిలో ఉన్నారు. నేను పంపాల్సింది."

"ఆజ్ఞ ఉందని ఆగాను. సొంత మామగారని కూడా చూడకుండా..."

"నేనెందుకాగానే? నాకే ఆజ్ఞ ఉందని ఆ ముగ్గుర్నీ ఆపాను?"

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడం కొత్తకాదు. నీ తప్పంటే నీ తప్పని ఎన్నోసార్లు అనుకున్నారు. నా తప్పంటే నా తప్పని కొట్లాడుకోవడం అదే మొదటిసారి. ఎవరు గెలిచినా పోయిన మనిషి తిరిగి వస్తాడా?

చివరికి అత్తగారే అంది. "నువ్వు చెప్పి ఉండాల్సింది. ఆరు నెలలు దాచినందుకు నీమీద నాకు కోపముంది. ఇప్పుడప్పుడే పోదు. పోయిందని అబద్ధం చెప్పలేను."

"తెలుసత్తయ్యా."

"ఆయనా చెప్పలేదు చూడు! ఆసుపత్రిలో అన్ని రోజులున్నారు, ఒక్క మాట పొల్లుపోనివ్వలేదు. నీకు మాట రాకూడదని."

అంతే. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. సోమ, మంగళ, బుధ... మూడు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మనిషి గొంతు లేదు. భర్త వచ్చేవాడు, తినేవాడు, గోడకేసి తిరిగి పడుకునేవాడు. బుధవారం పొద్దున పనికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "రేపు అమ్మ వస్తే నువ్వే వెయ్యి. ఇంకెవరిచేతా వేయించకు" అని చెప్పి వెళ్ళాడు. అతనికి అంతకన్నా చేతకాదని ఆమెకి తెలుసు. అదే పదివేలనుకుంది. కానీ అత్తగారు వస్తానని మాత్రం అనలేదు.

గురువారం కేంద్రంలో ఆమె చూపులన్నీ గుమ్మం మీదే. తొమ్మిదయింది. పదయింది. పదిన్నరకి మెట్ల మీంచి ఆయాసపు దగ్గు వినిపించింది. అత్తగారు! వెనకే ముగ్గురు ఆడవాళ్ళు!

"మీ అత్తగారు నన్ను మిషను మీంచి లాక్కొచ్చిందమ్మా, సూదిలో దారం కూడా ఎక్కించనివ్వలేదు" అని గొణిగింది దర్జీ ఆవిడ. పాలబూతు ఆవిడ, టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

అత్తగారు గది మధ్యలో నిలబడి ఊపిరి తీసుకుంది. వరసగా కూర్చున్న జనం వింటున్నా లెక్కచెయ్యలేదు.

"ఆవేళ మీ ముగ్గురూ వచ్చి ఉంటే ఆయనకి మందు పడేది. మిమ్మల్ని ఆపింది నేను. ఆ చెయ్యి పడిపోయిన మనిషెవరో నాకు తెలియదు. ఎప్పుడూ తెలియదు. ఈ మాట దారిలోనే చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. మీదేం తప్పు లేదు. ముందు వేయించుకోండి."

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెయ్యి చాపారు. ఎవరి చెయ్యీ పడిపోలేదు.

"ఆయన ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగింది అత్తగారు.

కోడలు కిటికీ పక్కనున్న కుర్చీ చూపించింది. ఆవిడ దగ్గరికెళ్ళి, ఆ కుర్చీ వీపు మీద చెయ్యేసి కాసేపు నిలబడింది. అందులో కూర్చోలేదు. పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి ముందుకి చాపింది.

తొమ్మిది నెలల్లో కొన్ని వేలమందికి వేసిన చెయ్యి... ఆ క్షణాన సూది పట్టుకుని గజగజా వణికిపోయింది. ఆమె ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుంది. అయినా వణుకు ఆగలేదు.

"ఏమిటే అమ్మాయ్, చెయ్యలా వణుకుతోంది?"

"ఏం లేదత్తయ్యా... ఇప్పుడే..."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. ఆరు నెలల తర్వాత నిజంగా చూసింది. మెల్లగా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"తొందరేం లేదు, ఆ సూది పక్కన పెట్టు. ముందు ఇద్దరం కాసేపు ఏడుద్దాం."