చేవనీళ్లు

నాంచారమ్మ చెల్లెలి సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, గొంతుకు రాసుకునే మందు సర్ది, మూలన మిగిలిన కాస్త చోటులో ఊరగాయ సీసా కుక్కింది. పక్కన తొట్టిలో చాకలిసోడా నీళ్లు మరుగుతున్నాయి. బంక వదిలిన నలభై పట్టు పట్టీలు అందులో తెల్లగా తేలుతున్నాయి.

"అక్కా, ఆ సీసా పెట్టావంటే నాకన్నా ముందు సంచే మునుగుద్ది," అంది వరాలు.

"మునగనీ. సముద్రం కింద నీకు వండిపెట్టేవాళ్లున్నారా?"

"ఉండరులే. నీ సణుగుడూ ఉండదు. అదో సుఖం."

మధ్యాహ్నానికి వరాలు సముద్రం అడుగున కడలిగోడ కట్టే వంతుకు దిగాలి. ఇంటికొకరు తప్పదు. ముంజేతి పట్టీ ఉప్పునీటికి వెలిసి తెల్లబడిన నాడే గోడ తలుపు దగ్గర రంగు చూసే యంత్రం, రంగుకన్ను, మనిషిని పైకి వదులుతుంది. అందుకే రంగులో ముంచేముందు పట్టీలను పీతపెంకుల చేవనీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లు తాగిన పట్టు రంగును లోపలిదాకా పీల్చుకుని ఆరేళ్లు వదలదు. తాగని పట్టుకు రంగు పైపైనే అంటి, నెలకే పోతుంది. పాతికేళ్లుగా నాంచారమ్మ పని ఇదే. ఆమె పట్టీ ఒక్కటీ ముందుగా వెలవలేదు. ఆరేళ్లు నిండి నడిచొచ్చిన మనిషినీ ఆమె చూడలేదు. ఆ లోపే ఊపిరితిత్తులు పోయేవి.

పట్టీలన్నీ పిండి, చేవనీళ్ల తొట్టి దాకా మోసుకెళ్లి ఆగింది. వరాలు పట్టీ ఒక్కటే వెలిస్తే దొంగపని అని మళ్లీ దింపుతారు. నలభయ్యీ వెలిస్తే? తలుపు అందరికీ తెరుచుకోవాల్సిందే.

వంగి తొట్టి అడుగున బిరడా లాగేసింది. నీళ్లు గడగడా కాలువలోకి పోయాయి.

"అక్కా! కళ్లు పోయాయా నీకు? రంగెట్టా పడుద్ది ఇప్పుడు?"

"మూడుసార్లు ముంచుదాం. ఆ కన్ను పైరంగే చూస్తది. వెళ్లి మంట పెంచు."

వరాలు పొయ్యిలోకి కట్టె తోసింది. "నిన్ను పట్టుకెళ్తారే."

"ఈ మోకాళ్లతో నేను నడవను. మోసుకెళ్లే ఓపిక వాళ్లకుంటే మొయ్యనీ."

మూడు ముంపులకు పట్టీలు ముదురెరుపు తిరిగాయి. రంగుకన్ను ఒక్కదాన్నీ కాదనలేదు. నలభై మందీ దిగారు.

ముప్పై ఒకటో రోజున తెల్లబడిన పట్టీలతో వాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. తలుపు తెరుచుకుంది. ఎలా మూయాలో ఎవరికీ తెలియలేదు. గోడ పని మొదటిసారి ఆగింది.

ఆ నలభై మందిలో పైకి వచ్చినవాళ్లు ముప్పై తొమ్మిది మంది. వరాలు రాలేదు. ఇరవై ఆరో రోజు పొద్దున గోడ అడుగున పోయింది.