టేపు వేసిన కిటికీ

ఉదయం 7.10. మూడో అంతస్తు ఒంటి గదిలో టైపిస్టు అమ్మాయి నేల మీద పడి ఉంది. పెదాలు నీలం. గుప్పిట్లో ఖాళీ ఇన్‌హేలర్.

ఆరుసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోయేసరికి ఆమె తల్లి బస్సెక్కి వచ్చింది. తలుపు పగలగొట్టించింది.

పది గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. అప్పటికి అమ్మాయి ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. గదిలో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. ఇన్‌స్పెక్టర్‌కి తన ఇల్లు గుర్తొచ్చింది.

"ఆ తోటమాలిని లోపలెయ్యండి మేడమ్," అంది తల్లి. "పిల్లకి పుప్పొడి పడదు, చెట్టు కొట్టెయ్యమంటే వినలేదు. రెండ్రోజుల్లో ఇంటికి పంపిస్తారట. మళ్ళీ ఈ గదికేగా రావాలి? ఈసారి నేనొచ్చేలోపే ప్రాణం పోతే?"

కిటికీ అవతల చెట్టు విరగబూసింది. కిటికీ అంచుల నిండా మందపాటి టేపు.

"ఇది ఎవరు వేశారు?"

"నేనే. మూడు వారాలైంది. రోజూ రెండు పూటలా ఫోన్ చేసి, తెరవలేదు కదా అని అడుగుతూనే ఉన్నా."

గచ్చు మీద వేలితో రాసి చూసింది ఇన్‌స్పెక్టర్. పుప్పొడి జాడ లేదు. కానీ కళ్ళు మండుతున్నాయి. గోడ పొడవునా కొత్త బీరువా.

కిందికి దిగింది.

"ఆ అమ్మాయితో గొడవా?"

"గొడవేముంది మేడమ్," అన్నాడు తోటమాలి. "రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి నా బెంచీ మీద కూర్చునేది."

"ఈ చెట్టు కిందా?"

"ఆఁ. ఒకటే తుమ్ములు. పైకెళ్ళు తల్లీ అంటే, ఇక్కడ తుమ్ములే తాతా, పైన ఊపిరాడట్లేదు అనేది. నిన్న రోజంతా వాన. రాలేదు."

12.30. గదిలో తల్లి, తోటమాలి, బీరువా చేసిన వడ్రంగి. ఉన్న ఒక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"బీరువా ఎప్పుడు బిగించావు?"

"మూడు వారాలైందండి. పార్టికల్ బోర్డు. చెక్క పొట్టుని జిగురుతో అచ్చుపోస్తారు. ఘాటు పోయేదాకా కిటికీలు బార్లా తీసి ఉంచమన్నాను."

"ఎవరికి చెప్పావు?"

వడ్రంగి, అమ్మాయి తల్లి వైపు చూసి తల దించుకున్నాడు.

"డాక్టర్‌ని అడిగాను," అంది ఇన్‌స్పెక్టర్. "పుప్పొడి పడనివాళ్ళ ఊపిరిగొట్టాలు ముందే వాచి ఉంటాయట. ఈ జిగురు ఆవిరి వాటికి తోడైంది. నిన్న వానకి పుప్పొడంతా తడిసి నేలకి దిగిపోయింది. బెంచీ దగ్గరకి వెళ్ళలేక రాత్రంతా ఇక్కడే ఉంది. చెట్టు తుమ్మించిందంతే. ఊపిరి ఆపింది ఈ గది."

తల్లి కిటికీ టేపు వైపు చూసింది.

"కేసు నా మీద రాస్తారా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూసేసింది. "పిల్ల వచ్చేలోపు ఈ బీరువా బయట పడేయించండి."

తల్లి గోళ్ళతో టేపు పీకసాగింది. కిటికీ తెరుచుకుంది. కింద ఖాళీ బెంచీ.

"ఫోన్లో నాతో బాగానే ఉన్నానమ్మా అనేది," అంది తోటమాలితో. "మీకు చెప్పింది. నాకెందుకు చెప్పలేదు?"

తోటమాలి నెమ్మదిగా అన్నాడు. "అమ్మ భయపడుతుంది తాతా, అనేదమ్మా."