అయిపోయిందమ్మ చూడని తలుపు

“తలుపులన్నీ చూశావా?” అని మేస్త్రీ అడిగాడు.

“అయిపోయింది,” అంది పాప, చేతిలోని టైల్ ముక్కను తిప్పుతూ.

ఆ ఇంట్లో ఆ పిల్లను ఎవరూ అసలు పేరుతో పిలవరు. అయిపోయిందమ్మ అంటారు. హోంవర్క్ చేశావా అంటే అయిపోయింది. పళ్లు తోమావా అంటే అయిపోయింది. నోట్లో బ్రష్ ఇంకా ఉండగానే ఆ మాట అనగలదు, అదీ ఆవిడగారి గొప్ప.

ఆ రోజు హాల్లో పాత గచ్చును తవ్వకుండా, దాని మీదే కొత్త టైల్స్ పరుస్తున్నారు. నేల కాస్త ఎత్తవుతుంది కదా, అప్పుడు తలుపులు తగులుతాయి. అందుకే మేస్త్రీ ఒక టైల్ ముక్కకు, కింద పూసే గమ్ము మందం కోసం అట్టముక్క అంటించి పాపకిచ్చాడు. హాల్లోకి తెరుచుకునే ప్రతి తలుపునూ తీసి, దాని కింద ఈ ముక్క దూర్చి చూడమన్నాడు. దూరకపోతే ముందే చెప్పాలి. అప్పుడు తలుపు ఊడదీసి అడుగున కోస్తాడు.

పాప వంటగది తలుపు చూసింది. పెద్ద గది తలుపూ చూసింది. అమ్మమ్మ గది దగ్గర మాత్రం ఆగిపోయింది. దుమ్ముకు దగ్గు వస్తోందని అమ్మమ్మ తలుపేసుకుని పడుకుంది. తలుపు తీస్తే లేస్తుంది. లేస్తే కళ్లజోడు వెతకమంటుంది, సూదిలో దారం ఎక్కించమంటుంది. మిగతావి బాగానే ఉన్నాయిగా, దీనికేం రోగం అనుకుంది మన అయిపోయిందమ్మ.

మేస్త్రీ ఆ మాట నమ్మి పని మొదలుపెట్టాడు. గమ్ము పూసి, టైల్ పెట్టి, రబ్బరు సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు. వరస అమ్మమ్మ గుమ్మం దాకా వచ్చాక, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

పాప ఊరికే వంగి చూసింది. కొత్త టైల్ అంచు తలుపు అడుగుకంటే పైకి ఉంది.

అంతలో లోపల అమ్మమ్మ దగ్గింది. సీసాలో నీళ్లు అయిపోయాయి, వస్తున్నానంది. తలుపు కదిలి, టైల్‌కు తగిలి ఆగిపోయింది.

“నెట్టకు అమ్మమ్మా, కాసేపు ఆగు,” అంది పాప.

ఆ చప్పుడుకు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. తలుపు చూసింది, టైల్స్ చూసింది. అప్పుడే తిరిగొచ్చిన మేస్త్రీని, ఈ మాత్రం కొలుచుకోకుండా పని చేస్తారా అని గట్టిగా అడిగింది. మేస్త్రీ పాపవైపు ఒకసారి చూశాడు.

గమ్ము బిగుసుకుంటే ఆ టైల్స్ పగలగొట్టాల్సిందే. షాపులో అలాంటివి ఇంక లేవు. లోపల దగ్గు ఎక్కువవుతోంది. ఒక్క మాట మింగేస్తే పాప తప్పించుకున్నట్టే, నేరం మేస్త్రీ నెత్తిన పడుతుంది.

“అమ్మా, ఆయన నన్ను చూడమన్నారు. నేనీ తలుపు చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను.”

అమ్మ ఏదో అనబోయింది.

“తిట్లు తర్వాతమ్మా. గమ్ము ఆగదు,” అంటూ మేస్త్రీ తాపీ అందుకున్నాడు.

తలుపు తిరిగే మేర టైల్స్ ఎత్తసాగాడు. మొదటిది వచ్చింది. పక్కది వచ్చింది. గుమ్మం మూలది మాత్రం మొరాయించింది. తాపీ మెల్లగా ఆడిస్తుంటే పాప ఊపిరి బిగబట్టి చూసింది. చివరికి అదీ ఊడి చేతికొచ్చింది, పగలకుండా.

తలుపు తెరుచుకుంది. పాప పరుగున నీళ్లు తెచ్చిచ్చింది. అమ్మమ్మ గటగటా తాగి, “నన్ను లేపితే నీ సొమ్మేం పోయిందే?” అంది. పాపకు ఏడుపొచ్చేసింది.

తలుపు కోసి బిగించాక, మేస్త్రీ ఆ ముక్కనే మళ్లీ పాప చేతిలో పెట్టి ఇంకా టైల్స్ పరవాల్సిన వసారాలోకి తెరుచుకునే స్నానాలగది తలుపు చూసి రమ్మన్నాడు. ఇంకా దీనికేనా చెప్పేది అన్నట్టు చూసింది అమ్మ.

పాప నేలమీద బోర్లా పడుకుంది. చెంప గచ్చుకు ఆనించి, ముక్కను తలుపు కింద దూర్చింది. దూరింది. తలుపు ఇంకాస్త తెరిచి మళ్లీ దూర్చింది.

“అయిపోయిందా?” అని కేకేసింది అమ్మ.

“ఇంకా లేదమ్మా,” అంది పాప. “సగమే తెరిచాను.”