ముదురు నీలమా... లేత నీలమా?

“నేనీ రంగు చెప్పలేదు! ఎవరు చెప్పారు నీకు?” అత్తయ్య గొంతుకి కోడలు చేతిలోని టీ కప్పు పక్కన పెట్టేసింది. అత్తయ్య గది గోడ మీద పక్కపక్కనే రెండు నీలం మచ్చలు... అచ్చం కవల పిల్లల్లా! పొద్దున చుక్కల మందు వేసుకుని, కిందటి నెల ఆపరేషనైన కుడికన్ను మూసుకునే వచ్చి, “ముదురుదే బాగుంది” అన్నది ఈ అత్తయ్యే! ఇప్పుడేమో అదే నీలం చూసి, “అబ్బ, కళ్ళలో గుచ్చుకుంటోంది! లేతదే కావాలి” అంటున్నారు. కాపురానికొచ్చి ఎన్నాళ్ళయిందని... ముచ్చటపడి అత్తయ్య గదికి రంగులు వేయిద్దామనుకుంటే, ఇదేం పరీక్ష!

కోడలు హాల్లోకి వచ్చి భర్త ముందు నిలబడింది.

“రెండూ నీలమేగా! కళ్ళు మూసుకుని ఏదో ఒకటి వేయించెయ్,” అన్నాడతను పేపర్లోంచి తలెత్తకుండా.

“మీకేం, గోడే లేకపోయినా నిద్రపోతారు!”

గుమ్మం దగ్గర రంగు కలుపుతున్న పెయింటర్ నవ్వు ఆపుకున్నాడు. “త్వరగా తేల్చండమ్మా, బ్రష్షు ఎండిపోతోంది.”

తను తెప్పించిన రంగులు కాబట్టే వంక పెడుతున్నారా? అసలు తనంటేనే ఇష్టం లేదా?... కన్నీళ్ళు తుడుచుకుని గదిలోకి తొంగిచూసింది. అత్తయ్య గోడ ముందు నిలబడి ఒక కన్ను అరచేత్తో మూసుకుంటున్నారు, తెరుస్తున్నారు, రెండోది మూసుకుంటున్నారు... చెంపల మీద ధారలు!

“అత్తయ్యా! ఏమైంది?”

“ఒక కంటికి మాసిన గుడ్డలా ఉందే అమ్మాయ్... ఇంకో కంటికి జిగేల్మంటోంది! నాకు మతి పోతోంది. మా అమ్మ కూడా చివర్లో ఇలాగే పూటకో మాట చెప్పేది... ఆఖరికి నన్నే గుర్తుపట్టలేదు. ఆపరేషన్ చేశాకే ఇదంతా! అందుకే రెండో కంటికి వద్దన్నాను...”

కోడలు అయోమయంగా గోడనూ, అత్తయ్యనూ మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి తట్టింది!

“మతి కాదత్తయ్యా, శుక్లం పొర! ఎడమకంట్లో అదింకా ఉంది, అందుకే నీలం మాసినట్టుంటుంది. కుడికంటికి తీసేశారుగా, రంగు మెరుస్తోంది. పొద్దున మీరు కుడికన్ను మూసుకుని చూశారు!”

“అయితే... నా మతి బాగానే ఉందంటావా?”

“నాకంటే బాగుంది!”

అత్తయ్య ఆమెను గుండెలకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చేశారు... మధ్యలో నవ్వేశారు కూడా!

“మరి రంగు?” పెయింటర్ తల లోపలికి పెట్టాడు.

అత్తయ్య కోడలి చేయి వదలకుండా అన్నారు. “ఇవాళ్టికి వెళ్ళిరావయ్యా. ముందు ఈ అమ్మాయి నన్ను కంటాసుపత్రికి తీసుకెళ్తుంది. నా రెండు కళ్ళూ ఒకే మాట మీదికొచ్చాక, అప్పుడు చెప్తాను!”