ఒత్తి పలికిన పూస

"మన సరిహద్దు ఏజెంట్ల జాబితా పరాయి దేశపు గూఢచారి ముఠా చేతిలో పడింది. పన్నెండింటికి కొరియర్ వచ్చి పట్టుకుపోతాడు. ఆ జాబితా సరిహద్దు దాటితే పద్నాలుగు ప్రాణాలు పోయినట్టే." చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. "మిర్సీని. డబుల్ ఏజెంట్. పోలీసులకూ కబుర్లు మోస్తుంది, వాళ్లకూ మోస్తుంది. పైకి మాత్రం వలస వచ్చినవాళ్లకు గ్రీకు ఉచ్చారణ నేర్పే టీచరమ్మ. నువ్వు జార్జియా నుంచి నిన్నమొన్న దిగినవాడిలా తప్పులతడకగా మాట్లాడాలి."

ఏజెంట్ యోర్దానిస్ నవ్వాడు. "ఆ యాస నాకు వెన్నతో పెట్టిన విద్య సార్."

అది వాళ్లమ్మ యాస. క్యాంటీన్‌లో రోజూ దాన్ని అనుకరించి స్నేహితులను నవ్వించడం అతనికి అలవాటు.

పదకొండున్నర. థెస్సలొనీకి రేవు వెనక వీధిలో మేడమీది క్లాసు. పెట్టుడు మీసం, చేతిలో తండ్రి వదిలివెళ్లిన కొంబొలోయి, వేళ్లతో జార్చుకుంటూ తిప్పే పూసల దండ. ఆ పూసల్లో ఒకదానిలో మైక్రోఫోన్ ఉంది. కింద వీధిలో రొట్టెలమ్మేవాడి వేషంలో తోటి ఏజెంట్ స్ట్రాటిస్ వింటున్నాడు.

లోపల అడుగుపెట్టగానే యోర్దానిస్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముందు బెంచీలో వాళ్లమ్మ పార్థెనా!

ఆదివారం మనవరాలి బాప్టిజం. "వియ్యాలవారి ముందు నోరెత్తకమ్మా, పరువు పోతుంది" అని తానే అన్నాడు. అందుకని అరవై ఎనిమిదేళ్ల వయసులో పలుకు దిద్దుకోవడానికి వచ్చింది. ఆమె కొంబొలోయి వైపు చూసింది, మీసం వైపు చూసింది. మళ్లీ టీచరమ్మ వైపు తిరిగింది.

మిర్సీని బల్ల మీద లయ కొట్టే మెట్రోనోమ్ యంత్రం టిక్కుటిక్కుమంటోంది. "థాలస్స. సముద్రం. మొదటి అక్షరం ఒత్తాలి. కొత్తాయనా, మీరు చెప్పండి."

అతను అచ్చం అమ్మలాగే మధ్య అక్షరాన్ని ఒత్తాడు. క్లాసంతా గొల్లుమంది. పార్థెనా తల దించుకుంది.

"మళ్లీ."

మళ్లీ అలాగే పలికాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మిర్సీని నవ్వలేదు. అతన్ని ఆపి, మిగతా క్లాసును బయటికి పంపేసి లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన తుపాకీ గొట్టం! "నీ నోరు తప్పింది. వేలు మాత్రం తప్పలేదు. రెండుసార్లూ సరైన అక్షరం దగ్గరే పూస జారింది. ఎవరు నేర్పారు?"

తొమ్మిదేళ్ల వయసులో అమ్మే నేర్పింది. పక్కింటావిడ చేత పలికించి, ఒత్తాల్సిన చోట పూస జార్చమని కొడుకును రాత్రింబవళ్లు సాధన చేయించింది. తనకు మాత్రం ఆ పలుకు పట్టుబడలేదు.

మిర్సీని కొంబొలోయి లాక్కుని మడమ కింద నలిపేసింది. మెట్రోనోమ్ అడుగు నుంచి జాబితా ఉన్న చిప్ తీసింది. పన్నెండుకు రెండు నిమిషాలు. మెట్ల మీద కొరియర్ అడుగులు.

అప్పుడు బాల్కనీ లోంచి కేక. "రండయ్యో! నా కొడుకుని చంపేస్తోంది!" బయటికి వెళ్లినట్టే వెళ్లి అక్కడ నక్కిన పార్థెనా! ప్రతి మాటా తప్పు చోటే ఒత్తింది.

మిర్సీని తల తిప్పింది. ఆ అరక్షణం చాలు. యోర్దానిస్ ఆమె చెయ్యి విరిచి చిప్ లాక్కున్నాడు. పన్నెండు గంటలు కొడుతుండగా స్ట్రాటిస్ కొరియర్ మెడ పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాడు.

"మైక్ చచ్చింది కానీ నీ కేక విని పరిగెత్తుకొచ్చానురా! క్యాంటీన్‌లో రోజూ కట్టే అమ్మ వేషమేగా..." అంటూ ముసలమ్మను చూసి నాలిక కరుచుకున్నాడు.

పద్నాలుగు ప్రాణాలు నిలబెట్టిన ఏజెంట్ తల ఎత్తలేకపోయాడు. అమ్మ కళ్లలోకి చూడడం కన్నా ఆ లిప్‌స్టిక్ గుండు తగిలినా బాగుండేదనిపించింది.

పార్థెనా నేల మీద చెదిరిన పూసలు ఏరుకుంటోంది. "బాగా కడతాడా బాబూ, నా వేషం?"

"అచ్చం... మీలాగేనమ్మా."

"అయితే ఇంకేం! నన్ను నోరెత్తొద్దన్నాడుగా. ఆదివారం వియ్యపురాలితో నా బదులు వాణ్నే మాట్లాడమను."