నాలుగింటి చెకౌట్

ప్రొఫెసర్ ఉవోజుమి మాయమై రెండు గంటలైంది. ఆయన కళ్ళజోడు మాత్రం గదిలోనే మంచం కింద, ఒక అద్దం పగిలి దొరికింది.

ఆ కళ్ళజోడును చేతిసంచిలో దాచుకుని ఇసురుగి ఫుమి హోటల్ లాంజ్‌లో కిటికీ పక్కన కూర్చుంది. బయట తోయా సరస్సు ఏమీ ఎరగనట్టు నీలంగా ఉంది. చూసేవాళ్ళకు ఫుమి అరవై ఐదేళ్ళ ముసలావిడ. నెరిసిన జుట్టు, వంగిన వీపు, చెవిలో వినికిడి యంత్రం. నిజానికి ఆమెకు నలభై ఆరు. జుట్టు విగ్గు, వీపు నటన. వినికిడి యంత్రం టోక్యోలోని గూఢచారి శాఖ నాలుగో విభాగం ఆఫీసుతో నేరుగా మాట్లాడే వైర్‌లెస్ సెట్.

"ఫుమీ, వింటున్నావా?" విభాగం చీఫ్ సగినుమా గొంతు.

ఆమె టీ కప్పు పెదవులకు అడ్డం పెట్టుకుంది. "చెప్పండి సార్."

"మిషన్ అయిపోయింది. ప్రొఫెసర్‌ని పదకొండింటికే కారులో మురోరాన్ రేవుకి లాక్కెళ్ళిపోయారు. మనవాళ్ళందర్నీ అక్కడికి పంపించాను. నువ్వు పెట్టె సర్దుకుని వచ్చెయ్."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, రెయికా."

రెయికా నాలుగో విభాగం మనిషి. ఐదేళ్ళుగా బూడిద ముఠాలో చేరి, వాళ్ళ గుట్టు వీళ్ళకు మోస్తోంది. బూడిద ముఠా అంటే పరాయి దేశాలకు మనుషుల్నీ రహస్యాల్నీ అమ్ముకునే గుంపు. ఈసారి వాళ్ళ కన్ను ఉవోజుమి మీద పడింది. సముద్రం అడుగున ఎంత చప్పుడు లేకుండా పోయే జలాంతర్గామినైనా పసిగట్టే యంత్రం ఆ డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి తలలో ఉంది. ఒకసారి సరిహద్దు దాటిస్తే ఆయన ఇక తిరిగి రాడు.

"కారులో కాదు సార్," అంది ఫుమి. "ఆయన ఈ హోటల్లోనే ఉన్నాడు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్?"

"ఇక్కడ్నుంచి ఏ కారు బయల్దేరినా గేటు దగ్గర సిబ్బంది ఆరుగురు నిలబడి నడుం వంచుతారు. కారు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉంటారు. పదిన్నర తర్వాత ఒక్క కారుకి కూడా దణ్ణం పెట్టలేదట. అడిగొచ్చాను."

సగినుమా నవ్వాడు. "ఐదేళ్ళ ఏజెంటు మాట కాదని గేటు కాడ చేతులూపేవాళ్ళ మాట నమ్మమంటావా? బుద్ధుందా నీకు? ఇది ఆర్డర్. వెనక్కి రా."

ఫుమికి ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా ఆమె ఉవోజుమికి నీడ. కాపలా పెడతామంటే ఆ ముసలాయన ఒంటికాలి మీద లేచేవాడు కాబట్టి ఆయనతో పాటే ఈ హోటల్లో సభ్యత్వం పుచ్చుకుని, ప్రతి నెలా ఆయన పక్క బల్ల దగ్గర ఫలహారం చేసింది. ఈవిడకు చూపు ఆనదనుకుని ఆయన చేపలో ముళ్ళు ఏరి మరీ ఆమె పళ్ళెంలో పెట్టేవాడు. కన్నతండ్రి కూడా ఆమెకు అంత చేయలేదు. అలాంటి మనిషిని కాగితం మీద కొట్టేసి రమ్మంటున్నాడు ఈ కుర్చీ మనిషి.

"రాను," అంది.

"ఏంటీ?"

"వినపడలేదా సార్? ముసల్దాన్ని నేను, చెవుడు మీకొచ్చిందేంటి? రానన్నాను."

యంత్రంలోంచి బ్యాటరీ పీకి టీ సాసర్లో పడేసింది.

హోటల్లో రెండు వందల పన్నెండు గదులు. మామూలు అతిథులు పదకొండింటికి ఖాళీ చేయాలి. ఆ తర్వాత శుభ్రం చేసేవాళ్ళు ప్రతి గదిలోకీ వెళ్తారు, అల్మారాలు కూడా తుడుస్తారు. వాటిలో మనిషిని దాచడం కుదరదు. తలుపు మూసి ఉండేది ముప్ఫై ఒక్క గదులకే. అవి తెల్లకొంగ కార్డు ఉన్నవాళ్ళవి. ఏడాదికి యాభై రాత్రులు ఈ కంపెనీ హోటళ్ళలో పడుకున్నవాళ్ళకే ఆ కార్డు. వాళ్ళకు సాయంత్రం నాలుగింటిదాకా చెకౌట్ లేదు, అంతవరకూ చక్రవర్తి వచ్చినా ఆ తలుపు తట్టరు. నాలుగింటికి అందరి సామానూ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఆ గందరగోళంలో ఒక పెద్ద పెట్టె సరస్సు మీద పడవెక్కి వెళ్ళిపోతే పట్టించుకునేదెవరు?

ముఠా పథకం మొత్తం హోటల్ మర్యాద మీదే కట్టారు. ఫుమికి అది ఇప్పుడు అర్థమైంది. టైమ్ ఒంటిగంటా ఇరవై.

లేవబోతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది రెయికా. పచ్చల రంగు పట్టు గౌను, మెడలో ఒంటి ముత్యం. లాంజ్‌లో మగవాళ్ళ మాటలు కాసేపు తడబడ్డాయి.

"ఈ సరస్సు గడ్డకడుతుందా పెద్దమ్మా?" అని గట్టిగా అడిగింది. అది కోడ్ మాట.

"ఎంత చలైనా కట్టదమ్మా," అని ఫుమి బదులిచ్చింది.

రెయికా గొంతు తగ్గించింది. "ఇంకా ఇక్కడేం చేస్తున్నావక్కా? చీఫ్ వచ్చెయ్యమన్లేదా?"

"అన్నాడు. నడుం పట్టేసింది, నాలుగింటికి పోతాలే."

"నాకూ బాధగానే ఉంది. ఆ ముసలాయన్ని నా కళ్ళముందే కారెక్కించారు. నేనేం చెయ్యగలను చెప్పు?" కళ్ళు తుడుచుకుంది.

ముఠావాళ్ళు ఈ పిల్లని కూడా బోల్తా కొట్టించారు పాపం, అనుకుంది ఫుమి. కారు ఎక్కించినట్టు నాటకమాడి ఉంటారు. ఆమె చేయి నిమిరి లేచింది.

మేనేజర్ తొకుషిగె ఆఫీసు గదిలో ఫుమి వీపు నిటారుగా చేసి గుర్తింపు కార్డు చూపించింది. తొకుషిగె కార్డునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. అయినా ఆయనది ఒకటే మాట.

"క్షమించాలి మేడమ్. నాలుగు కాకుండా తెల్లకొంగ సభ్యుల తలుపు తియ్యను. ఏ గదిలో ఎవరున్నారో చెప్పను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు నాది, ఒక్కసారి కూడా తప్పలేదు."

"లోపల మనిషి ప్రాణం ఉందయ్యా!"

"కోర్టు కాగితం తెండి, నేనే తీస్తాను."

"అది రేపు వస్తుంది. వద్దులెండి, తలుపులు తియ్యొద్దు. నాకో ఉత్తరం రాసిపెట్టండి చాలు." ఆమె బల్ల మీద కాగితం ఆయన ముందుకు తోసింది. "నిన్నటి రాత్రి బస కంప్యూటర్ పొరపాటు వల్ల మీ ఖాతాలో చేరలేదు. మూడున్నరలోగా కార్డు పట్టుకుని స్వయంగా కిందికి వచ్చి చేర్పించుకోండి. రాకపోతే ఆ రాత్రి రద్దు. ఇదీ సంగతి. ముప్ఫై ఒక్క తలుపుల కిందా తొయ్యండి."

తొకుషిగె ముఖం ఎర్రబడింది. "మా హోటల్లో అలాంటి పొరపాటు ఎప్పుడూ జరగలేదు! చెయ్యని తప్పుకి నన్ను తల వంచమంటారా?"

"వంచమనే అంటున్నా. ఈ కార్డు పిచ్చి మీకు తెలీదా? డిసెంబరు ఆఖర్లో ఒక్క రాత్రి తక్కువైతే మంచులో మూడొందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వస్తారు. పక్క కూడా వెయ్యనివ్వరు, కార్డు గీకించుకుని పోతారు. దీన్ని తపస్సు అని వాళ్ళే చెప్పుకుంటారు. అలాంటివాళ్ళు రాత్రి పోయిందంటే కాళ్ళు విరిగినా దిగొస్తారు. దొంగ వేషానికి కార్డు సంపాదించినవాడు మాత్రం దిగడు. వాడికి రాత్రులెందుకు?"

తొకుషిగె ఆ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "ఉవోజుమిగారు పోయిన వసంతంలో మా వంటవాడి కూతురి పెళ్ళికి పద్యం రాసిచ్చారు," అన్నాడు చివరికి. కలం తీశాడు. "వాళ్ళు నన్ను తిడితే తిట్టనివ్వండి."

ఉత్తరాలు తలుపుల కిందికి వెళ్ళిన నాలుగో నిమిషానికి లిఫ్ట్ తెరుచుకుంది. స్నానానికి పోతూ సగంలో వచ్చినవాళ్ళు, చెప్పులు తారుమారుగా వేసుకున్నవాళ్ళు, చేతిలో చాప్‌స్టిక్స్‌తోనే వచ్చిన ఒకావిడ. అందరూ ఎవరూ చెప్పకుండానే వరుసలో నిలబడ్డారు. ముందు ఒసాకా నుంచి వచ్చిన మేకుల వ్యాపారి.

"ఏందయ్యా ఇది? తొమ్మిదేళ్ళుగా వస్తున్నా. నా రాత్రి మింగేస్తారా?"

"మా తప్పే. పూర్తిగా మా తప్పే," అంటూ తొకుషిగె నడుం వంచాడు. ఒక్కొక్కరికీ వంచాడు. ఫుమి ఓ మూల నిలబడి లెక్కపెట్టింది. ప్రొఫెసర్ గదీ తన గదీ తీసేస్తే ఇరవై తొమ్మిది మంది రావాలి.

మూడున్నరకు ఇరవై ఎనిమిది మంది వచ్చారు.

"ఒక్క రాత్రికి ఇంత రచ్చా! వీళ్ళకి పిచ్చేమోనక్కా."

ఫుమి వెనక్కి తిరిగింది. లాంజ్ సోఫాలో రెయికా కాలు మీద కాలేసుకుని నవ్వుతోంది. ఎదురుగా బల్ల మీద వైన్ గ్లాసు. గ్లాసు కింద తడి అంటకుండా నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం, దాని మూల హోటల్ ముద్ర, పక్కన గది నంబరు 712. తెల్లకొంగ సభ్యులకు వెళ్ళిన ఉత్తరం.

ఆ ఉత్తరాన్ని ఫుమి రెండోసారి చూసింది. ముఠాలో చేరకముందు తన చేతి కింద పెరిగిన పిల్ల. కళ్ళు తుడుచుకుంటే నమ్మి చేయి నిమిరింది. మరుక్షణం ఆ బాధ మీదికి కోపం ఎగదన్నుకొచ్చింది. మనవాళ్ళని మురోరాన్ పంపి హోటల్ ఖాళీ చేయించింది ఇందుకన్నమాట. నా దగ్గర నీ పప్పులుడకవే అమ్మాయ్, అనుకుంది.

"పిచ్చే మరి," అని పైకి నవ్వి నడుం పట్టుకుని కదిలింది.

రెయికా గది 712. లోపల కనీసం ఇద్దరుంటారు. తను ఒక్కతి, చేతిలో ఉన్నదల్లా జడపిన్ను. దాని చివర మత్తుమందు సూది ఉంది, అదీ ఒక్కరికే సరిపోతుంది. సగినుమా మనుషులు గంట దూరంలో ఉన్నారు. సైన్యం కావాలి. సైన్యం కౌంటర్ ముందు వరుసలో నిలబడే ఉంది.

ఫుమి కౌంటర్ దగ్గరికెళ్ళి ఊరంతా వినేలా గొంతెత్తింది. "ఏమయ్యా మేనేజరూ! మాకేమో నాలుగింటికి చెకౌటా? ఆ 712 వాళ్ళకి ఐదింటిదాకా ఇచ్చారటగా!"

కౌంటర్ చుట్టూ తలలన్నీ ఇటు తిరిగాయి.

తొకుషిగె ఆమె కళ్ళలోకి చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు మనిషి, ఏ గది సంగతీ బయటపెట్టనివాడు, నేల వైపు చూస్తూ నీళ్ళు నమిలాడు. అవునని చెప్పడానికి అంతకన్నా ఏమీ అవసరం లేకపోయింది.

"ఐదింటిదాకానా!" ఒసాకా వ్యాపారి గొంతు పగిలింది. "ఎవడా మొనగాడు? పదండి, కనుక్కుందాం!"

మూడూ యాభై మూడుకు 712 తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. పోర్టర్ దుస్తుల్లో ఇద్దరు, వాళ్ళ మధ్య చక్రాల మీద మనిషెత్తు గౌన్ల పెట్టె. తలుపు దాటి ఒక్క అడుగు వేసి ఆగిపోయారు. గుమ్మం దగ్గర్నుంచి లిఫ్ట్ దాకా ఇరవై ఎనిమిది మంది ఒకరి వెనక ఒకరు, చేతుల్లో తెల్లకొంగ కార్డులతో, ఎంతో క్రమంగా నిలబడి ఉన్నారు.

"తప్పుకోండి," అన్నాడు ఒక పోర్టర్.

"ముందు జవాబు చెప్పు. మీకు ఐదెలా ఇచ్చారు?"

"తప్పుకోండయ్యా, అర్జెంటు!"

"మాకు మాత్రం కాదా అర్జెంటు? బస్సు నాలుగుంబావుకి!"

పెట్టె తోస్తే చాప్‌స్టిక్స్ ఆవిడ కాలి మీద పడేట్టుంది. ఆవిడ కదల్లేదు. ఇద్దరూ తోశారు, వరుస కొంచెం వంగింది గానీ తెగలేదు. ఫుమి పక్క నుంచి దూరి పెట్టెకు అడ్డంగా నిలబడింది. అప్పుడే లిఫ్ట్ తెరుచుకుంది. పచ్చల రంగు గౌను, చేతిలో బుల్లి పిస్తోలు.

"పక్కకి జరుగక్కా," అంది రెయికా. నవ్వు పోయింది. "కింద పడవ ఉంది. నాకు నాలుగు నిమిషాలు చాలు. నీతో నాకు పేచీ లేదు."

ఫుమి విగ్గు తీసి నేలకేసి కొట్టింది. వీపు నిటారుగా అయింది. "నాకుంది పేచీ. ఆ పెట్టె ఇక్కణ్ణుంచి కదలదు. కాలుస్తావా? కాల్చు. నన్ను దాటితే ఇంకా ఇరవై ఎనిమిది మందున్నారు, అందర్నీ కాల్చు. అన్ని గుళ్ళున్నాయా నీ దగ్గర?"

"చీఫే నిన్ను రమ్మన్నాడు కదే! ఎవరి కోసం ఈ మొండితనం?"

"చేపలో ముళ్ళు తీసి పెట్టినాయన కోసం."

రెయికా పిస్తోలు ఎత్తింది. వేలు బిగిసింది.

"ఓ అమ్మాయ్!" ఒసాకా వ్యాపారి ఆమె భుజం మీద తట్టాడు. ఆయన కన్ను పిస్తోలు మీద లేదు, ఆమె వరుస తప్పడం మీదే ఉంది. "మేమంతా నిలబడలా? చివరికి పో."

ఏ ఊళ్ళో పుట్టి పెరిగినా, ఆ మాటకు తల తిప్పని జపాన్ మనిషి లేడు. రెయికా అర క్షణం తల తిప్పింది. ఫుమి జడపిన్ను ఆమె మణికట్టులో దిగింది. పిస్తోలు పేలింది. గుండు పైకప్పు దీపానికి తగిలింది. పచ్చల రంగు గౌను మెల్లగా కార్పెట్ మీదికి జారింది. పోర్టర్లిద్దరూ పెట్టె వదిలి మెట్ల వైపు పరుగెత్తారు. మెట్ల మీద తొకుషిగె, వెనక ఎనిమిది మంది వంటవాళ్ళు. ఆ ఇద్దరికీ ఆయన నడుం వంచలేదు.

పెట్టె మూత తెరిస్తే గౌన్ల మధ్య మోకాళ్ళు ముడుచుకుని ఉవోజుమి. ఫుమి మెడ మీద వేలు పెట్టింది. నాడి కొట్టుకుంటోంది. అక్కడే కూలబడి ఏడ్చేసింది, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు లేకుండా.

అరగంట తర్వాత హోటల్ ఫోన్లో సగినుమా అరుపు కౌంటర్ అవతలికి కూడా వినిపించింది. ప్రొఫెసర్ దొరికినందుకు సంతోషమట. కానీ ఆజ్ఞ ఆజ్ఞే. "సోమవారం పొద్దున్నకల్లా క్షమాపణ పత్రం నా బల్ల మీదుండాలి. నీ చేత్తో రాసింది!"

ఫుమి సోమవారం దాకా ఆగలేదు. తొకుషిగె దగ్గర హోటల్ కాగితం అడిగి, సోఫాలో కంబళి కప్పుకుని కూర్చున్న ఉవోజుమి పక్కనే రాసింది. ఒంటి అద్దం కళ్ళజోడులోంచి ఆయన ఆ వయసు తగ్గిన ముఖాన్ని వింతగా చూస్తున్నాడు.

"ఆజ్ఞ ధిక్కరించినందుకు క్షమించండి. అవసరం పడితే మళ్ళీ ధిక్కరిస్తాను. ఇట్లు, ఇసురుగి ఫుమి."

తేదీ వేసి కవర్లో పెట్టింది. తర్వాత ఇంకో కాగితం తీసుకుని అదే మళ్ళీ రాసి, దానికి తేదీ వేయకుండా చేతిసంచిలో దాచుకుంది.